మత్తు రికార్డు రాయడం ఎలా: చార్టు మీ తరఫున మాట్లాడాలంటే

ఆపరేషన్ మధ్యలో రోగి బీపీ 70/40కి పడిపోయింది. మత్తు డాక్టరైన మీరు వెంటనే బీపీ పెంచే ఫెనైలెఫ్రిన్ ఇచ్చారు, మత్తు వాయువు సెవోఫ్లురేన్ తగ్గించారు, ఫ్లూయిడ్ వేగం పెంచారు. రక్తం ఎంత పోయిందో సర్జన్‌ని అడిగి సక్షన్ బాటిల్ చూశారు. ఈసీజీలో మార్పేమీ లేదని నిర్ధారించుకున్నారు. ఆరు నిమిషాల్లో బీపీ కుదుటపడింది. చేసిన ప్రతి పనీ సరైనదే. కానీ చార్టులో మిగిలింది కిందికి దిగి మళ్లీ పైకి లేచిన ఒక గీత, దాని పక్కన ఒక మందు పేరు. మూడేళ్ల తర్వాత ఆ కాగితం చదివే నిపుణుడికి మీరు సక్షన్ బాటిల్ వైపు చూసిన సంగతి తెలియదు. అప్పటికి మీకూ గుర్తుండదు. ఈలోపు ఎన్ని వందల మందికి మత్తు ఇచ్చి ఉంటారో!

ఈ వ్యాసమంతా ఆ లోటు గురించే. అంకెల్ని మానిటర్ రాసిపెడుతుంది. ఆ అంకె చూసి మీరేమనుకున్నారో, ఆ పనే ఎందుకు చేశారో ఏ యంత్రమూ రాయదు. తప్పు చేసి చిక్కుల్లో పడేవాళ్లు కొందరైతే, సరిగ్గా చేసిన పనిని చూపించలేక పడేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో రకం ఇబ్బందిని మాత్రం కలంతో చాలావరకు తప్పించుకోవచ్చు.

ముందుగా ఒక మాట. కోర్టును కళ్ల ముందు పెట్టుకుని భయంతో రాసిన రికార్డు చదవగానే తెలిసిపోతుంది. అందులో అనవసరమైన సమర్థనలు ఎక్కువ, సమాచారం తక్కువ. ఇదే రోగికి వచ్చే ఏడాది అర్ధరాత్రి ఎమర్జెన్సీలో మత్తు ఇవ్వాల్సిన, మీకు పరిచయం లేని డాక్టర్‌ని ఊహించుకుని రాయండి. అతనికి పనికొచ్చే రికార్డు కోర్టులోనూ నిలబడుతుంది. రికార్డు ఎన్నేళ్లు దాచాలి, సమ్మతి ఏ రూపంలో ఉండాలి వంటి నియమాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని మీ ఆస్పత్రి న్యాయ సలహాదారుని అడిగి తెలుసుకోండి. ఇక్కడ చెప్పేది ఎక్కడైనా వర్తించే పద్ధతి.

మెట్టు 1: పీఏసీలో అడిగింది అడిగినట్టు రాయండి

పీఏసీ, అంటే మత్తుకు ముందు చేసే పరీక్ష (ప్రీ-అనస్థెటిక్ చెకప్) కాగితంలో ఎక్కువగా కనిపించే మాట "ఏమీ లేదు". అలర్జీ: ఏమీ లేదు. పాత ఆపరేషన్లు: ఏమీ లేదు. దీంతో చిక్కేమిటంటే, మీరు అడిగితే రోగి లేదన్నాడా, అసలు అడగలేదా అన్నది తేలదు. "మందుల అలర్జీ గురించి అడిగాను, లేదన్నారు, కుటుంబంలో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అని అడిగాను, తెలియదన్నారు" అని రాయడానికి ఇరవై సెకన్లు చాలు. తర్వాత మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా (మత్తు మందులతో ఒంటి వేడి ప్రమాదకరంగా పెరిగే వంశపారంపర్య సమస్య) లాంటిది బయటపడినా మీరు అడిగారన్నది కాగితం మీద ఉంటుంది.

వాడుతున్న మందుల పేర్లతో ఆగిపోకండి. చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారో రాయండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు సూది) ఇచ్చే ముందు ఈ ఒక్క వివరమే నిర్ణయాన్ని మార్చేస్తుంది. ఉపవాసం విషయం కూడా ఇలాంటిదే. "ఎన్‌బీఎం" (నోటి ద్వారా ఏమీ వద్దు) అని రాస్తే అర్థం ఉండదు. ఘనాహారం చివరిసారి ఎన్నింటికి, నీళ్లు ఎన్నింటికి అని విడివిడిగా రాయాలి. తేటగా ఉండే ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4, తేలికపాటి ఆహారానికి 6 గంటలు అన్న లెక్క అందరికీ తెలిసిందే. ఆ లెక్క సరిపోయిందో లేదో తేలాలంటే చార్టులో రెండు సమయాలూ ఉండాలి.

ఏఎస్‌ఏ గ్రేడు (రోగి ఆరోగ్యం మొత్తంమీద ఎలా ఉందో చెప్పే వర్గం) రాసేటప్పుడు పక్కన కారణం ఒక ముక్క పెట్టండి. 1941 నుంచి వాడుకలో ఉన్న ఈ వర్గీకరణలో ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు వేరు వేరు గ్రేడులు వేయడం మామూలే. "గ్రేడు 3: అదుపులో లేని షుగరు, రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం" అని ఉంటే ఎవరూ వంక పెట్టలేరు.

ఎయిర్‌వే (శ్వాసమార్గం) పరీక్షను కూడా ఒక్క అంకెతో ముగించకండి. నోరు తెరిపించి గొంతు ఎంత కనిపిస్తుందో చూసే, శేషగిరి మల్లంపాటి 1985లో ప్రచురించిన పరీక్ష పేరు ప్రతి ఆపరేషన్ థియేటర్‌లోనూ వినిపిస్తుంది, కానీ అదొక్కటే కష్టమైన ఇంట్యుబేషన్‌ని (శ్వాసనాళంలో ట్యూబ్ వేయడాన్ని) ముందుగా పట్టివ్వలేదు. నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత వెనక్కి వంగుతుంది, గడ్డం నుంచి థైరాయిడ్ మృదులాస్థికి దూరం, మెడ చుట్టుకొలత, గడ్డంలో వెంట్రుకలు, ఇవన్నీ రాయండి.

ఇక పళ్లు. మత్తు డాక్టర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో పళ్లకు జరిగే నష్టం ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటుంది, అయినా పీఏసీలో అందరం అశ్రద్ధ చేసేది దీన్నే. ఏ పన్ను కదులుతోంది, ఏది విరిగి ఉంది, ఎక్కడ క్యాప్ ఉంది, కట్టుడు పళ్లు తీసి ఎవరికి ఇచ్చారు? చిన్న బొమ్మ గీసి గుర్తు పెట్టినా చాలు. "పై ముందు పన్ను కదులుతోంది, ఊడే అవకాశం ఉందని రోగికి చెప్పాను" అన్న వాక్యం ఎన్ని గొడవల్ని ఆపుతుందో అది రాయని రోజునే తెలుస్తుంది.

మెట్టు 2: సమ్మతి అంటే సంభాషణ

ఆపరేషన్ సమ్మతి పత్రం కింద మూలన ఉండే "మత్తుకు కూడా అంగీకరిస్తున్నాను" అన్న వాక్యాన్ని నమ్ముకోకండి. మత్తుకు విడిగా మాట్లాడాలి, విడిగా రాయాలి. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గోమరీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రసవానికి సంబంధించింది. కానీ అందులోని సూత్రం మన పనికీ వర్తిస్తుంది: సగటు డాక్టరు ఏం చెబుతాడన్నది కాదు, ఈ రోగి స్థానంలో ఉన్న వ్యక్తికి ఏది ముఖ్యమో అది చెప్పాలి. వృత్తిగా పాడుకునే మనిషికి గొంతు బొంగురుపోవడం చిన్న విషయం కాదు. వయొలిన్ వాయించే మనిషికి చేతి నరాల బ్లాక్ గురించి చెప్పే తీరు వేరు.

అందువల్ల రాతలో నాలుగు సంగతులు రావాలి. ఏ పద్ధతి అనుకున్నారు, దానికి ప్రత్యామ్నాయం ఏమని చెప్పారు, ఏయే ప్రమాదాలు పేర్లతో చెప్పారు, రోగి ఏం అడిగారు. చివరిది చాలామంది వదిలేస్తారు. "మధ్యలో మెలకువ వస్తుందా అని అడిగారు, అరుదుగా జరగవచ్చని, దాన్ని గమనించే పద్ధతులు ఉన్నాయని వివరించాను" అని రాస్తే ఆ సంభాషణ నిజంగా జరిగిందని చదివేవారికి తెలుస్తుంది. అచ్చువేసిన పత్రానికి ఆ బలం రాదు. ఏ భాషలో మాట్లాడారో, మధ్యలో అనువాదం ఎవరు చేశారో కూడా రాయండి. రోగి ఏదైనా వద్దంటే, ఉదాహరణకు రక్తం ఎక్కించవద్దంటే, ఆ నిరాకరణ వల్ల జరగగలిగేది వివరించారని, అది తెలిసే వద్దన్నారని ఇంకా జాగ్రత్తగా రాయాలి.

మెట్టు 3: మత్తు ఇవ్వబోయే ముందు

పీఏసీ నిన్న అయింది, రోగి ఈ రోజు వచ్చారు. మధ్యలో జలుబు చేసిందా, జ్వరం వచ్చిందా? బల్ల మీదికి తీసుకునే ముందు మళ్లీ చూసి "మార్పు లేదు" అని సమయంతో ఒక వాక్యం రాయండి. మెషీన్ చెక్ చేసిన సంగతి, సక్షన్ పనిచేస్తోందన్న సంగతి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టులో మత్తుకు ముందు చేసే భాగం (సైన్ ఇన్) పూర్తయిన సమయం ఇక్కడే రావాలి. చెక్‌లిస్టు టిక్కులన్నీ ఆపరేషన్ అయ్యాక ఒకేసారి పెట్టేసే అలవాటు ఎక్కడైనా ఉంటే మానుకోవాలి. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతి టిక్కు ఏ నిమిషంలో పడిందో దాచిపెట్టుకుంటుంది.

మెట్టు 4: చార్టు నడుస్తున్నప్పుడు

అనస్థీషియా చార్టు పుట్టుకే ప్రాణాల మీది భయం నుంచి వచ్చింది. హార్వర్డ్‌లో వైద్య విద్యార్థులుగా ఉన్న హార్వీ కుషింగ్, ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్ ఈథర్ ఇస్తున్న రోజుల్లో కుషింగ్ చేతిలో ఒక రోగి చనిపోయారు. ఈథర్‌ని మెరుగ్గా ఇవ్వడం నేర్చుకోవాలని 1894-95 ప్రాంతంలో వాళ్లిద్దరూ నాడి, శ్వాస రాసుకునే ఈథర్ చార్టులు మొదలుపెట్టారు. 1901లో ఇటలీలో బీపీ కొలిచే పట్టీ చూసి వచ్చిన కుషింగ్ అందులో బీపీని కూడా చేర్చారు. అంటే ఈ కాగితం పుట్టింది రోగిని నిమిషం నిమిషం గమనించేలా మనల్ని కట్టిపడేయడానికి. 1986లో ప్రచురితమైన హార్వర్డ్ ఆస్పత్రుల ప్రమాణాలు బీపీ, గుండె వేగం కనీసం 5 నిమిషాలకు ఒకసారి చూడాలని రాతపూర్వకంగా పెట్టాయి. నేటికీ అదే లెక్క. మీ చార్టులో 15 నిమిషాల ఖాళీ ఉంటే "ఆ సమయంలో డాక్టర్ ఎక్కడున్నాడు" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. రోగిని పక్కకు తిప్పుతుంటేనో, కఫ్ జారిపోతేనో ఖాళీ వస్తుంది. ఆ కారణం అక్కడే రాయండి.

గడియారాలు కలిశాయో లేదో కేసు మొదలయ్యేలోపు చూసుకోండి. గోడ గడియారం, మానిటర్, మీ చేతి వాచీ మూడూ మూడు సమయాలు చూపిస్తుంటే, గుండె ఆగిన నిమిషానికీ మందు పడిన నిమిషానికీ మధ్య లేని ఆలస్యం కాగితం మీద పుట్టుకొస్తుంది. ఏ గడియారాన్ని పట్టుకున్నారో చార్టు పైన రాస్తే సగం చిక్కు తీరుతుంది.

ఇంట్యుబేషన్ నోట్ రాసేటప్పుడు తర్వాతి డాక్టర్‌ని తలుచుకోండి. "ట్యూబ్ వేశాం, కష్టమైంది" అంటే అతనికి ఏమీ తెలియదు. ఇలా రాయండి (కార్మాక్-లెహేన్ గ్రేడు అంటే స్వరపేటిక ఎంత కనిపించిందో చెప్పే కొలత, బూజీ అంటే ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ, కాప్నోగ్రాఫ్ అంటే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే యంత్రం): "మాస్క్ వెంటిలేషన్‌కు ఇద్దరు అవసరమయ్యారు, ఓరల్ ఎయిర్‌వే పెట్టాం. సైజు 3 మాకింటాష్ బ్లేడుతో కార్మాక్-లెహేన్ గ్రేడు 3. వీడియో లారింగోస్కోపుతో గ్రేడు 2, బూజీ మీదుగా రెండో ప్రయత్నంలో 7.0 ట్యూబ్, పళ్ల దగ్గర 21 సెం.మీ. కాప్నోగ్రాఫ్‌లో అల నిలకడగా ఉంది, రెండు వైపులా గాలి శబ్దం సమానం. అత్యల్ప సాచురేషన్ 91. పళ్లు ముందున్నట్టే ఉన్నాయి." దీనికి తోడు, కష్టమైన ఎయిర్‌వే ఉందని రోగి చేతికి ఒక ఉత్తరం ఇచ్చి, ఇచ్చినట్టు రాయండి. ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉందనడానికి కార్బన్ డయాక్సైడ్ అల నిలవడానికి మించిన రుజువు లేదు. కాబట్టి ఏ నోట్‌లో ఏది మరిచినా దీన్ని మరవకూడదు.

పొజిషన్ గురించి ఒక్క మాటతో సరిపెట్టకండి. మోచేయి దగ్గర అల్నార్ నరం దెబ్బతినడం ఎంత జాగ్రత్తగా దిండ్లు పెట్టినా కొందరిలో జరుగుతుంది. కాబట్టి గాయం జరగడం దానంతటదే నిర్లక్ష్యానికి రుజువు కాదు. కానీ మీరు జాగ్రత్త తీసుకున్నారని చూపేది రాత ఒక్కటే. "చేతులు బోర్డుల మీద, 90 డిగ్రీల లోపు, మోచేతుల కింద ప్యాడ్లు, కళ్లు మూసి టేపు, బోర్లా తిప్పాక కళ్ల మీద ఒత్తిడి లేదని చూశాను, ప్రతి అరగంటకూ మళ్లీ చూశాను." చూడకుండా మాత్రం "ప్రతి అరగంటకూ" అని రాయకండి.

ఇక్కడే ముందుగా రాసిపెట్టుకునే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. రోగిని లేపకముందే "హాయిగా మేలుకున్నారు, ఎక్స్‌ట్యుబేషన్ సాఫీగా జరిగింది" అని టైపు చేసి ఉంచుకునేవాళ్లు ఉన్నారు. పది కేసుల్లో ఏమీ కాదు. పదకొండో రోగికి లారింగోస్పాజం (స్వరపేటిక బిగుసుకుపోవడం) వచ్చి, రికార్డులో మాత్రం సాఫీగా జరిగిందని, అదీ పావుగంట ముందు టైముతో ఉంటే ఆ చార్టులో మీరు నిజంగా రాసిన మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు. పాత కేసు నోట్‌ని కాపీ చేసి అతికించడం కూడా ఇంతే ప్రమాదం. మగ రోగి చార్టులో గర్భపరీక్ష ఫలితం కనిపించేది అలాగే.

ఆటోమేటిక్ రికార్డు వాడుతుంటే, సర్జన్ వాడే విద్యుత్ పరికరం డయాథర్మీ వల్లనో, సర్జన్ చేతికి ఆనుకోవడం వల్లనో తప్పుడు అంకెలు పడతాయి. వాటిని చెరిపేయకండి. "09:42 - సాచురేషన్ 62 నిజం కాదు, ప్రోబ్ జారింది, అల లేదు, రోగి రంగు బాగుంది" అని పక్కన వ్యాఖ్య పెట్టండి.

కండరాలు వదులు చేసే మందు ఇస్తే, ట్యూబ్ తీసేముందు, నరాన్ని నాలుగుసార్లు ప్రేరేపించి కండరాల స్పందన చూసే ట్రైన్-ఆఫ్-ఫోర్ నిష్పత్తి 0.9 దాటిందో లేదో అంకెతో రాయండి. "తల ఎత్తారు" అన్నది దానికి సాటిరాదు.

మెట్టు 5: స్పైనల్, ఎపిడ్యూరల్, బ్లాకులు

తర్వాత నరం దెబ్బతిందన్న ఫిర్యాదు వస్తే చదివేది ఈ నోట్‌నే. సూది ఎక్కించేలోపు కాళ్లలో, చేతుల్లో బలం, స్పర్శ ఎలా ఉన్నాయో రాయండి, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో. తర్వాత ఏ వైపు అన్నది మళ్లీ సరిచూసుకున్న సంగతి, వెన్నుపూసల మధ్య ఏ చోట, ఎంత గేజి సూదితో, ఎన్ని ప్రయత్నాలు. సూది వెళ్తున్నప్పుడు జలదరింపు వచ్చిందా, వస్తే సూది వెనక్కి తీశారా? మందు పేరు, గాఢత, పరిమాణం, మధ్యమధ్య సిరంజిని వెనక్కి లాగి చూశారా, చివరికి బ్లాక్ ఏ స్థాయికి చేరింది? "జలదరింపు లేదు, ఇంజెక్షన్‌కు అడ్డు లేదు, నొప్పి లేదు" అన్న మూడు మాటల్ని అలవాటు చేసుకోండి, అవి నిజమైనప్పుడు.

మెట్టు 6: ఒకరి నుంచి ఒకరికి

మధ్యలో మరో డాక్టర్ వస్తే ఎన్ని గంటలకు ఎవరు తీసుకున్నారు, ఏం చెప్పి ఇచ్చారు అన్నది ఇద్దరి పేర్లతో ఉండాలి. భోజనానికి వెళ్లి వచ్చిన పావుగంట అయినా సరే.

మెట్టు 7: అనుకోనిది జరిగినప్పుడు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టాలి. గుండె ఆగినప్పుడు, అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ) వచ్చినప్పుడు మీ చేతులు రోగి మీద ఉండాలి, కలం మీద కాదు. అందుకని సాయానికి వచ్చినవారిలో ఒకరికి పేరు పెట్టి చెప్పండి: "నువ్వు టైము రాయి." ఆ మనిషి చేతిలో కాగితం, కళ్ల ముందు గడియారం ఉంటే చాలు. మందు ఇచ్చినవారు గట్టిగా చెబుతారు, అతను రాస్తాడు. ఆ చిత్తు కాగితాన్ని పారేయకండి, కేస్ షీట్‌లోనే పెట్టండి.

పరిస్థితి చక్కబడ్డాక, ఇంటికి వెళ్లకముందే, మానిటర్ మెమరీని ప్రింట్ తీసి, మీరు స్వయంగా ఒక కథనం రాయండి. వరుసగా, సమయాలతో, చూసింది ముందు, అనుకున్నది తర్వాత, చేసింది ఆ తర్వాత. ఉదాహరణకు: "11:06 - యాంటీబయాటిక్ పూర్తి. 11:09 - ఎయిర్‌వే ప్రెషర్ 18 నుంచి 38కి, బీపీ 60/30, ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు. ట్యూబ్ మెలిక, ఒకవైపుకి జారడం లేవని చూశాను. అనాఫిలాక్సిస్ అని భావించి సాయం పిలిచాను. 11:10 - అడ్రినలిన్ 50 మైక్రోగ్రాములు సిరలోకి, 100 శాతం ఆక్సిజన్, ఫ్లూయిడ్ వేగంగా." మిగతా కారణాల్ని ఎందుకు పక్కన పెట్టారో కూడా ఒక వాక్యంలో వచ్చేసింది చూడండి. మీ నిర్ణయం తర్వాత తప్పని తేలినా, ఆ నిమిషంలో ఉన్న సమాచారంతో అది సబబే అని చూపేది ఆ వాక్యమే.

రాయకూడనివీ ఉన్నాయి. "పొరపాటున", "దురదృష్టవశాత్తూ", "సర్జన్ ఆలస్యం వల్ల" లాంటి మాటలు వద్దు. తెలియని కారణాన్ని ఊహించి తేల్చేయవద్దు. సర్జన్‌తో వచ్చిన భేదాభిప్రాయాన్ని చార్టులో తిట్లుగా మార్చవద్దు. "రక్తస్రావం ఎక్కువగా ఉందని 10:20కి సర్జన్‌కి తెలిపాను" అన్నది చాలు, అదే బలం. ఆస్పత్రికి ఇచ్చే ఇన్సిడెంట్ రిపోర్టు విడిగా వెళ్తుంది. దాని ప్రస్తావన కేస్ షీట్‌లో పెట్టకపోవడమే వాడుక. పరికరం మీద అనుమానం ఉంటే ఆ మెషీన్‌ని, ఖాళీ ఆంప్యూల్స్‌ని, సిరంజీల్ని పక్కన పెట్టించి, ఎవరికి అప్పగించారో రాయండి.

తర్వాత కుటుంబంతో మాట్లాడండి. ఎవరెవరు ఉన్నారు, ఏం చెప్పారు, వాళ్లేం అడిగారు, మళ్లీ ఎప్పుడు కలుస్తామన్నారు, అన్నీ సమయంతో. దాక్కున్న డాక్టర్ మీద కలిగే కోపం జరిగిన నష్టం కంటే పెద్దదవుతుంది. నిజం చెప్పి, చెప్పినట్టు రాసుకోవడం రోగి పట్ల మన బాధ్యత కూడా.

మెట్టు 8: దిద్దుబాటు

కాగితం మీద తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేయండి, కింద మాట చదవగలిగేలా ఉండాలి. పక్కన సరైనది, తేదీ, సమయం, సంతకం. వైట్‌నర్ వద్దు, కాగితం మార్చి కొత్తగా రాయడం అసలే వద్దు. మర్చిపోయింది తర్వాత గుర్తొస్తే "ఆలస్యంగా చేర్చినది" అని శీర్షిక పెట్టి, రాస్తున్న సమయం, జరిగిన సమయం రెండూ ఇచ్చి, ఆలస్యానికి కారణం చెప్పండి. నిజాయతీగా ఆలస్యమైన నోట్‌కి విలువ ఉంటుంది. పాత సమయం వేసి ఇరికించిన నోట్ బయటపడితే మంచి కేసును కూడా ముంచేస్తుంది.

మెట్టు 9: రికవరీ, మర్నాటి పలకరింపు

రికవరీకి అప్పగించినప్పటి బీపీ, సాచురేషన్, నొప్పి స్థాయి, ఎవరికి అప్పగించారో రాయాలి. పంపించేటప్పుడు రోగి ఎంత కోలుకున్నారో చెప్పే 1970 నాటి ఆల్డ్రెట్ స్కోరు లాంటి కొలబద్దతో అంకె వేయండి. పదికి తొమ్మిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వార్డుకు పంపడం వాడుక.

మర్నాడు ఒకసారి వెళ్లి చూడండి. గొంతు నొప్పి, తలనొప్పి, కాళ్లలో తిమ్మిరి, మధ్యలో మెలకువ వచ్చిన జ్ఞాపకం, వీటి గురించి అడిగి, అడిగినట్టు రాయండి. స్పైనల్ తర్వాత లేచి కూర్చుంటే పెరిగే తలనొప్పిని రెండో రోజే పట్టుకుంటే అది చికిత్స అవుతుంది, పదో రోజు బయటపడితే ఫిర్యాదు అవుతుంది.

నోటీసు వస్తే

ఆ రోజు నుంచి రికార్డులో ఒక్క అక్షరం చేర్చవద్దు. కుతూహలంతో ఎలక్ట్రానిక్ ఫైలు తెరవడం కూడా వద్దు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు చూశారన్నది ఆడిట్ ట్రెయిల్‌లో ఉంటుంది. ఆస్పత్రికి, మీ బీమా సంస్థకు వెంటనే తెలియజేయండి. మీకు గుర్తున్నది న్యాయవాదికి చెప్పాలనుకుంటే, ఆయన సలహా ప్రకారం విడి కాగితం మీద రాసి ఆయనకే ఇవ్వండి. సహోద్యోగులతో ఆ కేసు గురించి వాట్సాప్‌లో మాట్లాడిన మాటలు కూడా కోర్టు అడిగితే ఇవ్వాల్సి రావచ్చు. అందుకని ఆ సంభాషణ అసలు మొదలుపెట్టకండి. ఉన్నవాటిని చెరిపేయకండి కూడా.